లా చదివితే లాయరైనట్టేనా?

‘మా అమ్మాయి లా పాసైంది, ఇక కోర్టుకు వెళ్లడమే తరువాయి’ అని బెంగళూరులోని మన ఇళ్లలో సంబరంగా చెప్పుకుంటాం. నిజానికి పట్టా చేతికొచ్చాక కూడా ఇంకా రెండు మెట్లున్నాయి. వాటి పేర్లు ఇంగ్లిషులో ఉండడంతో పిల్లలూ పెద్దలూ తడబడుతున్నారు. ఆ మాటలను ఈ వారం విడమరిచి చూద్దాం.

మొదటి మెట్టు ‘ఎన్‌రోల్‌మెంట్’. బడిలో చేరినప్పుడు హాజరు పట్టీలో మన పేరు ఎక్కుతుంది కదా, ఇదీ అంతే. ‘రోల్’ అంటే న్యాయవాదుల పట్టిక. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం దాన్ని రాష్ట్ర బార్ కౌన్సిల్ నిర్వహిస్తుంది. కర్ణాటక బార్ కౌన్సిల్ మన బెంగళూరులోనే ఉంది. 21 ఏళ్లు నిండి, గుర్తింపు పొందిన లా పట్టా ఉన్న భారత పౌరులు దరఖాస్తు చేసుకోవచ్చు. ‘బార్’ అంటే పూర్వం కోర్టు హాలులో న్యాయమూర్తి ముందు అడ్డంగా ఉండే కమ్మీ. ఆ మాటే వకీళ్ల సమూహానికి పేరైంది.

రెండో మెట్టు అఖిల భారత బార్ పరీక్ష. ఇందులో నెగ్గితే ‘సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్’ ఇస్తారు. ఆటల్లో ప్రాక్టీస్ అంటే సాధన. ఇక్కడ మాత్రం వృత్తి చేయడం. ఈ పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఉందని 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పరీక్షను తెలుగులోనూ కన్నడలోనూ రాసే వీలుంది.

ఒకప్పుడు మెట్లు ఇంకా ఎక్కువ. ప్లీడరు, వకీలు, బారిస్టరు అంటూ తరగతులుండేవి. టంగుటూరి ప్రకాశం పంతులు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు. ఆ హోదాతో వాదన కింది కోర్టులకే పరిమితం. అందుకే ఆయన లండన్ వెళ్లి బారిస్టరై వచ్చి, మద్రాసు హైకోర్టులో వాదించారు. 1961 చట్టంతో ఆ తరగతులు పోయాయి. ఇప్పుడు అందరూ అడ్వకేట్లే; కొందరికి ‘సీనియర్’ హోదా ఇస్తారు.

‘వాడి తరఫున నువ్వెందుకు వకాల్తా పుచ్చుకుంటావ్?’ అని ఇంట్లో అంటుంటాం. కోర్టులో వకాల్తా అంటే ‘నా కేసు ఈయన వాదిస్తారు’ అని కక్షిదారు సంతకం చేసి ఇచ్చే పత్రం. కన్నడలోనూ దాదాపు ఇదే మాట. కాబట్టి దానిమీద సంతకం చేసే ముందు చదివి చూసుకోవాలి.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సింది మరొకటుంది. ఎన్‌రోల్‌మెంట్‌కు చట్టం చెప్పిన రుసుము 750 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు 125. స్టాంపు సుంకం ఉంటే అది వేరు. బార్ కౌన్సిళ్లు అంతకుమించి వసూలు చేయరాదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వేలకు వేలు కట్టాలని ఎవరైనా చెబితే ఈ తీర్పు చూపించండి.

పీయూసీ తర్వాత అయిదేళ్ల కోర్సు, లేదా డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సు చదవవచ్చు. తెలుగు బడిలో చదువుతున్న పిల్లలకూ ఆ దారి తెరిచే ఉంది. పదో తరగతి పిల్లలకు ఈ సంగతి మనమే చెప్పాలి.