పిగ్మేలియన్ ప్రతిమ, ప్రొక్రస్టీజ్ మంచము

విద్యను గూర్చి పరిశోధించువారు తమ భావమును తేటపరచుటకు ప్రాచీన గ్రీకు పురాణగాథలను తరచుగా ఉపమానముగా గ్రహింతురు. ఇందు వింత లేదు. కఠినమైన పూనికను మనము భగీరథ ప్రయత్నమనుచున్నాము కదా! అయితే ఉపమానము ఒక వైపు వెలుగు చూపి, మరియొక వైపు మరుగుపరచును. ఇట్టి రెండు గాథలను పాఠకుల ముందుంచుచున్నాము.

సైప్రస్ ద్వీపమున పిగ్మేలియన్ దంతముతో ఒక కన్య ప్రతిమను చెక్కి, దానినే వలచెను. దేవత కరుణింపగా ప్రతిమకు ప్రాణము వచ్చెను. 1968లో రోజెంతాల్, జేకబ్‌సన్ అను అమెరికా పరిశోధకులు తమ గ్రంథమునకు ఈ శిల్పి పేరు పెట్టిరి. వారు కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో నూటికి ఇరువదిమంది పిల్లలను చీట్లు తీసినట్లుగా ఎంచి, వీరు ఈ యేడు బాగుగా వికసింతురని ఉపాధ్యాయులకు చెప్పిరి. ఏడాది గడచునప్పటికి చిన్న తరగతులలో ఆ పిల్లలే ఎక్కువ వృద్ధి చూపిరి. ఆ ప్రభావము అంత గొప్పది కాదని తరువాతివారు వాదించినను, గురువు నమ్మకము శిష్యుని తాకునను మాట నిలిచినది.

ఇక మన పాలమూరునకు వత్తము. 2011 జనాభా లెక్కలలో నాటి మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యులు నూటికి సుమారు 55 మంది. నల్లగొండలో 64 మంది. గుంపు మేస్త్రీ వద్ద ముందుగా సొమ్ము తీసికొని, కాలువల పనులకు, ఆనకట్టల పనులకు తరలిపోయిన తల్లిదండ్రుల వెంట పిల్లలును పోయిరి. అట్లు పోయి వచ్చిన బాలుని చూచి, వీనికి చదువు రాదని తలచు గురువును పిగ్మేలియన్ కథ హెచ్చరించును. కాని గురువు నమ్మినంత మాత్రమున మేస్త్రీ బాకీ తీరదు. ఈ సంగతిని ఆ కథ చెప్పదు.

దానిని రెండవ కథ చెప్పును. ప్రొక్రస్టీజ్ అను దొంగ బాటసారులను తన మంచముపై పరుండబెట్టి, పొట్టివారిని సాగదీసి, పొడవువారి కాళ్లు నరికెడివాడు. వలసపోవు కుటుంబమును ఎరుగని బడి, ఆ బిడ్డ పాలిట అట్టి మంచమే. మన వడ్రంగి మనిషిని చూచి మంచపు పట్టెలు కొలుచును. 1991లో రంగారెడ్డి జిల్లాలో ఆరంభమై నల్లగొండకును విస్తరించిన ఎం.వి. ఫౌండేషన్ కృషి ఇట్టిది. పనికి పోవు పిల్లలను బ్రిడ్జి కోర్సు శిబిరములలో ఉంచి, వయసునకు తగిన తరగతికి సిద్ధపరచి, బడిలో చేర్చిరి.

మొదటి కథ గురువును ప్రశ్నించును; రెండవది ఏర్పాటును ప్రశ్నించును. ఏ కథను చేపట్టుదుమో దానిని బట్టియే లోపము ఎచ్చట వెదకుదుమో తేలును. కావున ఒక బిడ్డ చదువులో వెనుకబడెనని విన్నప్పుడు, బిడ్డను కొలుచుటకు ముందు మంచమును కొలిచితిమా యని మనలను మనము ప్రశ్నించుకొనుట మేలు.