శిఖరాలూ, పేర్లూ, ఛాయాచిత్రాలూ

పాత హిమాలయ ఛాయాచిత్రాలు చూసేవాళ్లు సాధారణంగా వాటి అందం దగ్గరే ఆగిపోతారు. మంచు, నీడ, నిశ్శబ్దం. బొమ్మ కింద ఒక పేరు. ఆ పేరు కొండతోపాటే పుట్టిందన్నంత సహజంగా కనిపిస్తుంది. కాని ఏ కొండా పేరుతో పుట్టదు. పేరు పెట్టిందెవరు, ఏ అవసరం కోసం పెట్టారు, అంతకుముందున్న పేరు ఏమయింది అని అడిగితేనే బొమ్మలో కనిపించని చరిత్ర బయటపడుతుంది.

ఎవరెస్టు సంగతే తీసుకుందాం. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే గొప్ప శాస్త్రీయ కృషి. సందేహం లేదు. అదే సమయంలో అది దేశాన్ని పటంలోకి ఎక్కించి పాలించదలచిన కంపెనీ ప్రభుత్వం చేయించిన పని కూడా. జార్జి ఎవరెస్టు 1818లో హైదరాబాదులో ఈ సర్వేలో చేరాడు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పనిచేస్తూ అతనూ, అతని బృందమూ మలేరియా బారిన పడ్డారు. ఎవరెస్టు కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొసకు వెళ్లాడు. పరికరాలు మోసినవాళ్లకూ, చూపుకు అడ్డొచ్చిన చెట్లు నరికినవాళ్లకూ, గుట్టల మీద జెండాలు పాతినవాళ్లకూ అటువంటి అవకాశం లేదు. వాళ్ల పేర్లు ఏ శిఖరానికీ లేవు.

సర్వే లెక్కల పుస్తకాల్లో ఆ ఎత్తయిన శిఖరం 15వ నంబరు మాత్రమే. నూరు మైళ్లకు పైబడిన దూరం నుంచి తీసిన కోణాలను లెక్కగట్టిన గణకులకు పెద్ద రాధానాథ్ సిక్దార్ అనే బెంగాలీ గణితజ్ఞుడు. 1856లో సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా దాని ఎత్తు 29,002 అడుగులని ప్రకటించాడు. స్థానిక నామం ఏదీ తేలలేదంటూ తనకు ముందు ఆ పదవిలో ఉన్న ఎవరెస్టు పేరు సూచించాడు. నేపాల్, టిబెట్ల సరిహద్దులు సర్వేవాళ్లకు మూసి ఉన్న మాట నిజమే. అయితే టిబెటన్లు వాడే చోమోలుంగ్మా అన్న పేరు 1730లలోనే పారిస్‌లో అచ్చయిన పటంలోకి ఎక్కింది. విచిత్రమేమంటే, తన పేరును హిందీలో, పర్షియన్‌లో రాయడం కుదరదనీ, ఈ దేశస్థులు పలకలేరనీ ఎవరెస్టే అభ్యంతరం చెప్పాడు. అయినా 1865లో లండన్‌లోని రాయల్ జాగ్రఫికల్ సొసైటీ ఆ పేరునే ఖాయం చేసింది.

కారాకోరంలో మరో ఉదాహరణ ఉంది. 1856లో మాంట్‌గొమరీ కాశ్మీరులోని హరముఖ్ నుంచి దూరపు శిఖరాలను చూసి కె1, కె2 అని గుర్తులు వేసుకున్నాడు. కె1కు మషేర్‌బ్రుం అన్న స్థానిక నామం దొరికింది కనుక అదే నిలిచింది. కె2కు గుర్తే పేరయి కూర్చుంది.

ఇక ఛాయాచిత్రాలు. 1866లో శామ్యూల్ బోర్న్ సుమారు 18,600 అడుగుల ఎత్తున మణిరంగ్ కనుమలో చిత్రాలు తీశాడు. ఆనాటి పద్ధతిలో గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి, అక్కడికక్కడే చీకటి గుడారంలో కడగాలి. గుడారం, మందు సీసాలు, గాజుపలకలు, అన్నీ కూలీల వీపుల మీదనే కొండెక్కాయి. కూలీలు పారిపోయిన సంగతీ, వాళ్లను బలవంతంగా నడిపించిన సంగతీ బోర్న్ తన రాతల్లో దాచలేదు. కాని ఆయన చిత్రాల్లో కనిపించే ప్రశాంతతలో ఆ బలవంతం జాడ లేదు. శ్రమ వల్ల సాధ్యమైన దృశ్యమే శ్రమను తుడిచివేసింది.

అయితే పరాయి పేరు చెరిపి దేశీయమైన పేరు రాస్తే సమస్య తీరుతుందా? తీరదు. సాగరమాత అన్న నేపాలీ నామం అనాదిది కాదు. 20వ శతాబ్దంలో చరిత్రకారుడు బాబురాం ఆచార్య ప్రచారంలోకి తెచ్చినది. కొండ పాదంలో బతికే షేర్పాలు చోమోలుంగ్మా అంటూనే ఉన్నారు. పక్కనున్న పుమోరి పేరు షేర్పా మాటే అయినా, పెట్టినవాడు ఆంగ్లేయుడైన జార్జి మలోరీ. కనుక మాట ఏ భాషదన్నది ఒక్కటే చాలదు. ఆ మాటను స్థిరపరిచే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది అసలు ప్రశ్న.

అలాగని ఆ చిత్రాలను పక్కన పడేయడమూ పొరపాటే. 1921లో మలోరీ మొదట కొన్ని పలకలను కెమెరాలో తిరగేసి పెట్టి, మళ్లీ చిత్రాలు తీయవలసి వచ్చింది. ఆ యాత్రలో ఆయన తీసిన రోంగ్‌బుక్ హిమానీనదం చిత్రంతో పోల్చడానికి 2007లో అదే చోటి నుంచి మరో చిత్రం తీశారు. మంచు ఎంత కరిగిందో ఆ రెండూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. విజయ చిహ్నంగా తీసినది నష్టానికి సాక్ష్యమయింది. తీసినవాడి ఉద్దేశాన్ని దాటి చిత్రం సాక్ష్యం చెప్పగలదు. రచన విషయంలోనూ అంతే.

ప్రకృతిని వర్ణించే రచయిత చేతిలోనూ పేరుపెట్టే అధికారం ఉంది. నిర్మానుష్యమైన కొండ అని రాసేముందు, అక్కడ మనుషులు నిజంగా లేరా, లేక మన చూపులో లేరా అని అతడు తేల్చుకోవాలి. కొండకు దారి తెలిసినవాళ్లు దాన్ని ఏమని పిలుస్తారో కూడా అడిగి తెలుసుకోవాలి.