లిస్టుకు పాస్‌వర్డ్ ఉంటే ఉత్తరాలు ఎలా? డేటాబేస్‌ను వర్డ్ మెయిల్ మెర్జ్‌కు కలిపే విధానం

రంజాన్ దగ్గరపడుతోందంటే జమాత్ కమిటీలకు, బైతుల్‌మాల్ చూసేవాళ్లకు చేతినిండా పని. రేషన్ కిట్లు, జకాత్ సాయం, పిల్లల ఫీజులు ఎవరెవరికి అందాలో ఆ ఇళ్లకు ఉత్తరమో టోకెన్ చీటీయో పంపాలి. రెండు మూడు వందల ఇళ్లుంటే పేరు పేరునా చేత్తో రాయడం అయ్యే పని కాదు. వర్డ్‌లో ఉత్తరం ఒక్కసారి టైపు చేసుకుంటే చాలు, పేర్లు, చిరునామాలు లిస్టులోంచి వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. దీన్నే మెయిల్ మెర్జ్ అంటారు.

అయితే ఆ లిస్టులో ఉన్నవి పేర్లు మాత్రమే కాదు. భర్త లేని ఆడవాళ్ల ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు, ఏ ఇంటికి ఎంత ఇచ్చారన్న లెక్క కూడా ఉంటాయి. కష్టమున్నా ఎవరి ముందూ చెయ్యి చాచని సఫేద్‌పోష్ కుటుంబాల పేర్లూ ఉంటాయి. అది ఒకసారి వాట్సాప్ గ్రూపులో పడితే ఇక వెనక్కి తీసుకోలేం. అందుకే జాగ్రత్త తెలిసినవాళ్లు దాన్ని మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్‌గా చేసి పాస్‌వర్డ్ పెడతారు. తీరా ఉత్తరాలు వేసే రోజు వచ్చేసరికి వర్డ్ ఆ డేటాబేస్‌ను తెరవదు. పని ఆగిపోతుందని పాస్‌వర్డ్ తీసేస్తారు, మళ్లీ పెట్టడం ఎవరికీ గుర్తుండదు. నిజానికి తీయాల్సిన అవసరమే లేదు.

పాస్‌వర్డ్ ఏ గడిలో ఇవ్వాలి?

వర్డ్‌లో మెయిలింగ్స్ ట్యాబ్‌కు వెళ్లి, సెలెక్ట్ రెసిపియెంట్స్ కింద యూజ్ యాన్ ఎగ్జిస్టింగ్ లిస్ట్ నొక్కి, డేటాబేస్ ఫైల్‌ను ఎంచుకోవాలి. పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ అయితే డేటా లింక్ ప్రాపర్టీస్ అనే చిన్న కిటికీ వస్తుంది. అందులో కనెక్షన్ ట్యాబ్‌లో యూజర్ నేమ్ దగ్గర అడ్మిన్ అని, దాని కింద పాస్‌వర్డ్ గడి కనిపిస్తాయి. చాలామంది ఇక్కడే పొరపడతారు. ఆ గడి మన డేటాబేస్ పాస్‌వర్డ్‌కు కాదు, పాతకాలపు యాక్సెస్‌లో ఒక్కొక్క మనిషికి విడిగా ఇచ్చే లాగిన్‌కు. మన పాస్‌వర్డ్ అక్కడ కొడితే వర్క్‌గ్రూప్ ఇన్ఫర్మేషన్ ఫైల్ కనబడటం లేదని ఒక ఎర్రర్ వస్తుంది. దాన్ని చూసి ఫైలే పాడైందని కంగారు పడతారు. ఫైల్‌కు ఏమీ కాలేదు.

కనెక్షన్ ట్యాబ్‌ను ఉన్నది ఉన్నట్టు వదిలేయాలి. అడ్మిన్ అలాగే ఉండాలి, బ్లాంక్ పాస్‌వర్డ్ టిక్ కూడా అలాగే ఉండాలి. చివర ఉన్న ఆల్ అనే ట్యాబ్‌లోకి వెళ్తే పొడుగాటి జాబితా వస్తుంది. అందులో ‘జెట్ ఓఎల్ఈడీబీ: డేటాబేస్ పాస్‌వర్డ్’ అన్న వరుస మీద రెండుసార్లు క్లిక్ చేసి అసలు పాస్‌వర్డ్ అక్కడ ఇవ్వాలి. మళ్లీ కనెక్షన్ ట్యాబ్‌కు వచ్చి టెస్ట్ కనెక్షన్ నొక్కితే కుదిరిందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఓకే కొట్టాక టేబుళ్ల జాబితా వస్తుంది.

పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా ‘నాట్ ఎ వ్యాలిడ్ పాస్‌వర్డ్’ అంటే? యాక్సెస్ 2010 నుంచి తాళం వేసే పద్ధతి మారింది, ఆ కొత్త పద్ధతితో వర్డ్‌కు కొన్నిసార్లు పొసగదు. అప్పుడు డేటాబేస్‌ను ఓపెన్ ఎక్స్‌క్లూజివ్‌గా తెరిచి, ఫైల్, ఇన్ఫో కింద డీక్రిప్ట్ చేయాలి. తర్వాత ఆప్షన్స్‌లో క్లయింట్ సెట్టింగ్స్ చివర ఎన్‌క్రిప్షన్ మెథడ్ దగ్గర లెగసీ ఎన్‌క్రిప్షన్ ఎంచుకుని, మళ్లీ పాస్‌వర్డ్ పెట్టాలి. కానీ ఈ పాత తాళం కొత్తదానంత గట్టిది కాదు. అందుకని ముందు మామూలు దారిలో ప్రయత్నించి, కుదరకపోతేనే దీని జోలికి వెళ్లాలి. పాస్‌వర్డ్‌లో సెమికోలన్, కొటేషన్ గుర్తులు లేకుండా చూసుకుంటే ఇంకో తలనొప్పి తగ్గుతుంది.

లిస్టు యాక్సెస్‌లో కాకుండా ఎక్సెల్‌లో ఉంటే ఇదంతా పనిచేయదు. తెరవడానికే పాస్‌వర్డ్ పెట్టిన ఎక్సెల్ ఫైల్‌ను మూసి ఉండగా వర్డ్ చదవలేదు, పాస్‌వర్డ్ చెప్పినా చదవదు. ముందుగా ఆ ఫైల్‌ను ఎక్సెల్‌లో పాస్‌వర్డ్ కొట్టి తెరిచి, తెరిచి ఉంచే వర్డ్ నుంచి కలపాలి.

తాళంచెవి ఉత్తరంలోనే ఉండిపోతే

కనెక్షన్ ట్యాబ్‌లో ‘అలో సేవింగ్ పాస్‌వర్డ్’ అనే టిక్ ఒకటి ఉంటుంది. ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టే బాధ ఎందుకని పెట్టేస్తారు. ఆ టిక్ పెడితే పాస్‌వర్డ్ ఏ తాళమూ లేకుండా, మామూలు అక్షరాల్లో వర్డ్ ఫైల్‌లోకి చేరిపోవచ్చు. వర్డ్ ఫైల్ అంటే లోపల ఒక జిప్ సంచి. దాని కాపీ ఒకటి తీసి, పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే వర్డ్ అనే ఫోల్డర్‌లో సెట్టింగ్స్ అన్న ఫైల్ కనిపిస్తుంది. డేటాబేస్ ఏ కంప్యూటర్‌లో ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎలా కలపాలి అన్న వివరాలన్నీ ఆ ఫైల్‌లోనే ఉంటాయి. పాస్‌వర్డ్ సేవ్ అయితే అదీ అక్కడే కనబడుతుంది. నోట్‌ప్యాడ్ తెరవడం వచ్చిన కుర్రాడు ఎవరైనా చదివేస్తాడు. అందుకే టిక్ పెట్టకూడదు. పెట్టకపోయినా, ఆ ఉత్తరాన్ని ఇంకొకరికి పంపే ముందు ఇలా ఒకసారి తెరిచి చూసుకోవడం మేలు.

ఫినిష్ అండ్ మెర్జ్‌లో ఎడిట్ ఇండివిడ్యువల్ డాక్యుమెంట్స్ ఎంచుకుంటే ఉత్తరాలన్నీ వేరే ఫైల్‌గా వస్తాయి. ఆ ఫైల్‌కు డేటాబేస్‌తో లంకె ఉండదు. కానీ పేర్లన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి దాన్నీ లిస్టు లాగే కాపాడుకోవాలి. నమూనా ఉత్తరాన్ని ఇంకో కమిటీకి ఇవ్వాలంటే స్టార్ట్ మెయిల్ మెర్జ్ కింద నార్మల్ వర్డ్ డాక్యుమెంట్ నొక్కి లంకె తెంపేసి ఇవ్వాలి.

అసలు ఉత్తరానికి టేబుల్ మొత్తం ఎందుకు? పేరు, చిరునామా, టోకెన్ నంబర్ ఉంటే సరిపోతుంది. యాక్సెస్‌లో ఈ మూడింటితోనే ఒక క్వెరీ చేసి సేవ్ చేసుకుంటే, టేబుళ్ల జాబితాలో అది కూడా కనబడుతుంది. వర్డ్‌కు దాన్ని చూపిస్తే ఆధార్ నంబర్, ఇచ్చిన డబ్బు లెక్క ఉత్తరం దాకా రానే రావు. చెప్పాలంటే పాస్‌వర్డ్ కంటే ఈ క్వెరీ వల్లే ఎక్కువ రక్షణ. ఆధార్ మొత్తం నంబర్ రాసిపెట్టుకోవడం కూడా చాలాచోట్ల అనవసరమే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉండనే ఉంది. మనుషుల వివరాలు కంప్యూటర్‌లో దాచేవాళ్ల బాధ్యత ఏమిటో చెప్పే చట్టం కూడా 2023లో వచ్చింది.

చిరునామాల దగ్గర తిరుపతి, చిత్తూరు వాళ్లకు ఇంకో పని ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. తిరుపతి, శ్రీకాళహస్తి, చంద్రగిరి తిరుపతి జిల్లాలోకి, మదనపల్లె, పీలేరు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. పలమనేరు, కుప్పం చిత్తూరులోనే ఉండిపోయాయి. అంతకుముందు తయారైన లిస్టుల్లో అందరికీ చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. ఒక్కొక్కటీ దిద్దుకుంటూ కూర్చోనక్కర్లేదు. పిన్‌కోడ్‌ను ఆధారం చేసుకుని అప్‌డేట్ క్వెరీ రాస్తే తిరుపతి 517501 ఉన్న వరుసలన్నిటికీ జిల్లా పేరు ఒకేసారి మారుతుంది. ముందుగా ఒక కాపీ తీసి పెట్టుకోవడం మరవకూడదు, అప్‌డేట్ క్వెరీ ఒకసారి నడిపాక అన్‌డూ ఉండదు.

తెలుగు, ఉర్దూ రెండూ ఉన్న ఉత్తరాల్లో అక్షరాల తంటా కూడా వస్తుంది. డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, పాత ఇన్‌పేజ్‌లో కొట్టిన ఉర్దూ డేటాబేస్‌లో పెడితే పిచ్చి గుర్తులుగా మారతాయి. పేర్లు మొదటి నుంచే యూనికోడ్‌లో ఉండాలి. ఉర్దూ పేరు వచ్చే పేరాకు కుడి నుంచి ఎడమకు అన్న బటన్ నొక్కి ఉంచాలి. పాస్‌వర్డ్ గొడవ తప్పించుకోవడానికి డీడీఈ అనే పాత దారి కూడా ఉంది. అందులో యాక్సెసే తెరుచుకుని పాస్‌వర్డ్ అడుగుతుంది, కానీ తెలుగు, ఉర్దూ పేర్లు ప్రశ్నార్థకాలుగా వచ్చే ప్రమాదముంది. రెండు భాషల ఉత్తరాలకు ఆ దారి వద్దు.

సేవ్ చేసిన ఉత్తరాన్ని మర్నాడు తెరిస్తే, డేటాబేస్ నుంచి వివరాలు తెచ్చుకోవచ్చా అని వర్డ్ అడుగుతుంది. అది వైరస్ కాదు, ఫైల్ మనదే అయితే ఎస్ అనాలి. బయటి నుంచి వచ్చిన ఫైల్ అలా అడిగితే నో అనాలి. ప్రింటు కోసం డీటీపీ సెంటర్‌కు వెళ్లాల్సి వస్తే పెన్‌డ్రైవ్‌లో డేటాబేస్ వేసుకుని వెళ్లొద్దు. ఇంట్లోనే మెర్జ్ పూర్తి చేసి పీడీఎఫ్ చేసుకుని, అదొక్కటే తీసుకెళ్లి, ప్రింటు అయ్యాక షాపు కంప్యూటర్‌లోంచి, దాని రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీయించి రావాలి.