వ్యాపార కేస్ స్టడీ విశ్లేషణ, రచన: సత్యం ఉదంతం ఆధారంగా ఒక పరిశీలన

వాణిజ్య, నిర్వహణ శాస్త్ర విభాగాలలో సమర్పించే కేస్ స్టడీలు తరచుగా సంస్థ చరిత్రగానే మిగిలిపోతుంటాయి. స్థాపన, విస్తరణ, సంక్షోభం, పర్యవసానం వరుసగా వస్తాయి; చివర ‘సూచనలు’ అన్న శీర్షిక కింద నాలుగు వాక్యాలు చేరతాయి. వాటిలో సమాచారం ఉంటుంది గాని విశ్లేషణ ఉండదు. కేస్ స్టడీకి కేంద్రం ఒక నిర్ణయం. దానిని ఎవరు, ఏ తేదీన, ఏ సమాచారంతో తీసుకోవలసి వచ్చిందో స్థిరపరచుకున్న తరువాతనే రచనకు పూనుకోవాలి.

హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఉదంతంలో అందరికీ గుర్తున్న తేదీ 2009 జనవరి 7. సంస్థ లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో రూ. 5,040 కోట్లు లేనివేనని ఛైర్మన్ బి. రామలింగరాజు లేఖ ద్వారా అంగీకరించిన రోజది. అయితే విశ్లేషకునికి అంతకన్నా ఉపయుక్తమైనది 2008 డిసెంబరు 16. ఛైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను దాదాపు 160 కోట్ల డాలర్లతో కొనే ప్రతిపాదనను ఆనాడు బోర్డు ఆమోదించింది. మదుపరుల వ్యతిరేకతతో కొన్ని గంటలలోనే సంస్థ దానిని ఉపసంహరించుకుంది. కేస్ పద్ధతికి పేరుపడిన హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఆచార్యుడొకరు ఆ బోర్డులో సభ్యులు కావడం గమనార్హం.

పరిశోధకులు తడబడేది ఇక్కడే. జనవరి లేఖ చదివిన కళ్లతో డిసెంబరు నాటి డైరెక్టర్లపై తీర్పు చెబుతారు. లేఖలోని సమాచారాన్ని ఆనాటి బోర్డు ముందున్న సమాచారంగా పరిగణించరాదు. దానిని పక్కన పెట్టినా ప్రశ్నలకు కొదవ లేదు. సాఫ్ట్‌వేర్ సేవల సంస్థ స్థిరాస్తి రంగంలోకి ఎందుకు ప్రవేశించాలి? ప్రమోటర్ల వాటా సత్యంలో పది శాతంలోపే. అమ్మకానికి వచ్చిన సంస్థలలో అంతకన్నా చాలా ఎక్కువ. అటువంటప్పుడు ధర న్యాయమైనదని తేల్చవలసినదెవరు? వాటాదారుల సమ్మతి కోరకపోవడం ఉచితమేనా?

ఆపైన ప్రత్యామ్నాయాలను నిలపాలి: తిరస్కరణ, మరొక స్వతంత్ర మదింపు వచ్చేవరకు వాయిదా, వాటాదారుల ఓటు. మూడింటినీ ఒకే కొలమానంతో, అంటే ప్రమోటరేతర వాటాదారుల ప్రయోజనంతో తూచాలి. బలాలు, బలహీనతల పట్టికను యాంత్రికంగా చేర్చినంత మాత్రాన ఈ పని జరగదు. సిఫారసు ఒక్కటే ఉండాలి. అందులోని లోపాన్నీ రచయితే చెప్పాలి. ఉదాహరణకు, వాయిదాను సిఫారసు చేస్తే, మదింపు సరైనదేనని తేలినా రంగమార్పు ప్రశ్న అలాగే మిగులుతుంది.

జనవరి లేఖకు స్థానం పర్యవసాన విభాగంలో. కల్పిత ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులను నింపే చివరి ప్రయత్నమే మేటాస్ ఒప్పందమని అందులో ఉంది. అదీ ఒక పక్షం కథనమే గనుక, 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతోను, దర్యాప్తు పత్రాలతోను సరిపోల్చిన తరువాతనే దానిని ఆధారంగా చూపాలి.