కనిపెట్టావు సరే, రాసుకున్నావా?

ఎడిటరు గారు చెప్పింది రెండే ముక్కలు. పేటెంటు మీద ముఖచిత్ర కథనం కావాలి, గురువారానికి అందాలి. శీర్షిక కూడా ఆయనే ఊహించి పెట్టుకున్నారు: ‘కనిపెట్టండి, కోట్లు గడించండి!’ ఆ శీర్షిక కింద రాయడం నా వల్ల కాలేదు. ప్రయోగశాలల గుమ్మాలు తొక్కే బదులు బేతంచెర్ల పోదామనిపించింది. మిషను నడిచే చోట దాన్ని విప్పి, ఏదో మార్చి, మళ్లీ బిగించే చెయ్యి కూడా ఒకటి ఉంటుంది. ఆ చేతికి చట్టం ఏమిస్తుందో చూడాలని నా ఆశ.

డోన్, నంద్యాల మధ్య రైలు మార్గంలో ఉన్న ఈ ఊరి పేరు వినగానే ఇల్లు కట్టుకునేవాళ్లకు నాపబండలే గుర్తొస్తాయి. గనిలో పొరలు పొరలుగా లేచే సున్నపురాయిని షెడ్లకు తెచ్చి, అంచులు కోసి, పాలిష్ పట్టి లారీలకెక్కిస్తారు. కోతకు నీళ్లు కావాలి, బ్లేడు అరిగిపోతుంది, రాతిపిండి కలిసిన బురదను ఎత్తిపోయాలి. వీటిలో దేన్ని కాస్త తగ్గించినా చేతిలో మిగిలేది డబ్బే. కాబట్టి చిన్న చిన్న మార్పులకు ఇక్కడ కొదవ లేదు.

ఒక షెడ్డులో మిస్త్రీ ఒకాయన బండ కదలకుండా పట్టే బిగింపును తనకు తోచినట్టు మార్చుకున్నాడు. పేటెంటుకు పెట్టొచ్చు కదా అన్నాను.

“దీనికా? రేప్పొద్దన పక్క షెడ్డోడు చూసి వాడూ పెట్టుకుంటాడు సార్. ఇంగ నేనేమని కేసేస్తా? వాడు మా బామ్మర్ది.”

బామ్మర్ది సంగతి పక్కన పెడితే, ఆ బిగింపును చూస్తూ ఉంటే నాకు వేరే ఊరు గుర్తొచ్చింది. ఈ కథనం కోసం చదివిన కాగితాలన్నిటిలోకీ ప్రాణమున్నది ఒక సుప్రీంకోర్టు తీర్పు. అది కూడా బిగింపు గొడవే. బండ బదులు పళ్లెం, అంతే తేడా.

మీర్జాపూర్ పళ్లెం

ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్‌లో హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ ఇత్తడి, జర్మన్ సిల్వర్ పాత్రలు చేసేది. లోతు తక్కువ పళ్లేలను లేత్ మీద తిప్పుతూ గీకి నునుపు చేయాలి. అప్పట్లో పళ్లేన్ని లేత్ తలభాగానికి వేడికి మెత్తబడే లప్పంతో అతికించేవాళ్లు, లేదా చక్‌లో బిగించేవాళ్లు. తిరుగుతూ తిరుగుతూ అది ఊడి ఎగిరి మనిషి మీదికొచ్చేది. 1951లో ఆ సంస్థ భాగస్వామి ఒకరు ఎదురుగా తోకభాగం పెట్టి, అక్కడి నుంచి కుదురుతో నొక్కిపట్టే పద్ధతి తెచ్చారు. పళ్లెం ఎగరడం ఆగింది. పని వేగం పెరిగింది, నునుపు బాగా వచ్చింది. 46368 నెంబరుతో పేటెంటు కూడా వచ్చింది.

అదే ఊళ్లోని బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ అనే మరో పాత్రల సంస్థ ఆ పద్ధతే వాడుతోందని తెలిసి పేటెంటుదారు కోర్టుకెక్కారు. అవతలివాళ్లు ఊరుకోలేదు. ఇందులో కొత్తేముంది, తోకభాగం లేత్‌కు ఎప్పటినుంచో ఉన్నదే, పేటెంటునే రద్దు చేయండని ఎదురు తిరిగారు. అలహాబాద్ హైకోర్టులో ఏక సభ్య ధర్మాసనం రద్దు చేసింది. డివిజన్ బెంచి ఆ తీర్పును తిప్పికొట్టింది. చివరికి 1978 డిసెంబరు 13న సుప్రీంకోర్టు మొదటి తీర్పే సరైనదని చెప్పి పేటెంటును తీసేసింది.

న్యాయమూర్తి ఆర్.ఎస్. సర్కారియా ఆ తీర్పులో గీసిన గీత మీదే పేటెంటు వాదనలు ఇప్పటికీ నడుస్తున్నాయి. తెలిసిన వస్తువుకు మెరుగులు దిద్దినా, తెలిసిన రెండు మూడింటిని కలిపినా ఫలితం వర్క్‌షాపులో మామూలుగా జరిగే మెరుగుదల కంటే పై మెట్టున ఉండాలి. ఆ పనిలో ఆరితేరినవాడికి తనంతట తోచేదైతే అది ఆవిష్కరణ కాదు. ఉపయోగం ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న. మీర్జాపూర్ పద్ధతి పనికొచ్చిందనడంలో ఎవరికీ పేచీ లేదు. అయినా ఓడింది.

దీన్ని రెండుసార్లు చదివాక కూడా నా మనసు ఆ పద్ధతి కనిపెట్టినవాడి వైపే మొగ్గింది. పళ్లెం ఎగిరి మీద పడకుండా చేసినవాడికి ఏమీ మిగల్లేదు కదా అనిపించింది. కానీ కోర్టును తప్పుపట్టలేను. తోకభాగాన్ని పళ్లేనికి వాడడాన్ని ఒకరి సొత్తు చేస్తే ఆ వీధిలోని మిగతా లేత్‌లన్నీ ఎవరిని అడగాలి? మన మిస్త్రీ బామ్మర్ది ఎవరిని అడగాలి?

ఇంకో సంగతి చూడండి. అప్పటి చట్టం ప్రకారం పేటెంటు గడువు 16 ఏళ్లు. అంటే 1951 నాటిది 1967తోనే తీరిపోయింది. తీర్పు వచ్చేసరికి గెలిచినవాడికైనా పాత నష్టపరిహారం తప్ప కాపాడుకోవడానికి హక్కే లేదు.

తొమ్మిది వేల సార్లు

సర్కారియా గీసిన గీతకు పైన నిలబడ్డ మనిషిని మన దగ్గరే చూడొచ్చు. ఆలేరు దగ్గరి శారాజీపేట చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేశారు. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు పోగును మేకుల చుట్టూ అటూ ఇటూ పేర్చాలి. అదే ఆసు పోయడం. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు కదలాలి, నాలుగైదు గంటలు పడుతుంది. ఆ పని ఇంటి ఆడవాళ్లది. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టిన యంత్రం 1999కి పూర్తయింది. తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. చీరకు గంటన్నర చాలు. పద్మశ్రీ 2017లో, ఆయన మీద సినిమా 2019లో. మధ్యలో 2011లో వచ్చిన పేటెంటును ఎవరూ పెద్దగా తలచుకోరు.

అప్పటిదాకా ఆసుకు మనిషి చెయ్యి తప్ప ఇంకో సాధనం లేదు. కాబట్టి తెలిసిన తోకభాగాన్ని తెచ్చి బిగించాడని ఆయన్ని ఎవరూ అనలేరు. ఏడేళ్లు పట్టిందంటేనే అది ఎవరికీ తనంతట తోచలేదని అర్థం. అయితే యంత్రం తిరగడానికీ పేటెంటు రావడానికీ మధ్య ఇంకో పన్నెండేళ్లున్నాయి. ఇలాంటి పల్లె ఆవిష్కర్తల తరఫున దరఖాస్తులు రాయించి నడిపేందుకు గుజరాత్‌లో నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ ఉంది. ఇక్కడ విశ్రాంత బ్రిగేడియర్ గణేశం నడిపే పల్లె సృజన వాళ్లను వెతికి పట్టుకుంటుంది. ఈ చేతులు లేకపోతే ఆరో తరగతి చదువుతో పేటెంటు దాకా రావడం కష్టం.

ఎందుకు కష్టమో చెబుతాను. పొలం దస్తావేజులో చెక్కుబందీ రాసినట్టే పేటెంటు పత్రం చివర క్లెయిములుంటాయి. హద్దు ఎక్కడ పడితే హక్కు అక్కడితో ఆగుతుంది. ‘ఇనుప మర’ అని రాస్తే పక్కవాడు ఇత్తడి మర పెట్టి తప్పుకోజూస్తాడు. మరీ విశాలంగా రాస్తే ఇది ముందే ఉంది పొమ్మంటారు. పైగా తనకు తెలిసినంతలో మేలైన పద్ధతిని దాచకుండా వివరించాలి. ఇంత సూక్ష్మంగా రాయాల్సిన పత్రాన్ని నిబంధనల ప్రకారం ఇంగ్లీషులోనో హిందీలోనో ఇవ్వాలి. తెలుగులో కుదరదు. మరను మెలితిప్పినవాడు ఒకడు, హద్దులు రాసేవాడు ఇంకొకడు. నా అనుమానమంతా ఇక్కడే. సర్టిఫికెట్టును గోడకు తగిలించి ఫొటో దిగే ముందు ఆ క్లెయిములను ఎవరైనా ఇంటిభాషలో చదివి వినిపించారా?

బేతంచెర్ల మిస్త్రీకి ఇంకో చిక్కు కూడా ఉంది. బిగింపును షెడ్డులో అందరి కళ్లముందూ నడిపేశాడు. దరఖాస్తుకు ముందే లోకానికి తెలిసిపోతే కొత్తదనం పోయినట్టే. తప్పనిసరి పరీక్షకు ఏడాది లోపు బహిరంగంగా నడపడం, ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలో పెట్టడం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. కాబట్టి ముందు తాత్కాలిక వివరణ పత్రం దాఖలు చేసుకోవాలి. పూర్తి పత్రం ఇవ్వడానికి 12 నెలల గడువు దొరుకుతుంది. ఈ సంగతి చెబితే ఆయన, “అట్లయితే మిషను దుప్పటి కప్పి నడపల్లనా?” అని నవ్వాడు.

చరిత్ర ఒక్క గుక్కలో: 1856లో మొదటి చట్టం, బ్రిటన్ రాణి అనుమతి లేదని రద్దు, 1859లో మళ్లీ, 1911లో ఇంకొకటి, జస్టిస్ అయ్యంగార్ నివేదిక 1959లో, దాని మీద కట్టిన 1970 చట్టం 1972 నుంచి అమలు, మందులకూ ఆహారానికీ ఉత్పత్తి పేటెంట్లు లేవన్న నియమం 2005లో ఎత్తివేత, ఇప్పుడు గడువు దాఖలు తేదీ నుంచి 20 ఏళ్లు.

ఖర్చు

వ్యక్తులకూ, స్టార్టప్‌లకూ, చిన్న సంస్థలకూ ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు, పరీక్షించమని అడగడానికి 4,000. పెద్ద కంపెనీలకు 8,000, 20,000. పేటెంటు వచ్చాక, దాఖలు తేదీ నుంచి లెక్కించి మూడో ఏడాదితో మొదలుపెట్టి ఏటా కట్టుకుంటూ పోవాలి, లేకుంటే చచ్చిపోతుంది. వ్యక్తులకు అది 800తో మొదలై చివరి ఏళ్లలో 8,000 అవుతుంది. ఏజెంటు ఫీజు వేరే, అసలు బరువు అదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయానికి వెళ్తాయి.

పత్తి గింజ

మిస్త్రీకి అందని పేటెంటు అనే మాట కర్నూలు పత్తిరైతుకు విత్తన ప్యాకెట్‌తో వచ్చింది. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌లో 1,250 రూపాయలు రాయల్టీకే పోతోందని 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాలను విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్‌కెక్కింది. తర్వాత నూజివీడు సీడ్స్‌తో బీటీ పేటెంటుదారు మోన్‌శాంటో తగాదాలో ఢిల్లీ హైకోర్టు 2018 ఏప్రిల్‌లో ఆ పేటెంటు చెల్లదంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి విచారణ జరపమంది.

పంకా లాగే యంత్రం

మన దేశంలో మొదటి దరఖాస్తు 1856 మార్చి 3న కలకత్తాలో పెట్టింది జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్ అనే సివిల్ ఇంజనీరు. మనిషి తాడు పట్టి లాగే పంకాను సమర్థంగా లాగే యంత్రం. ఆ యంత్రం ఇప్పుడెక్కడా తిరగడం లేదు. 1856నే తన పుట్టిన సంవత్సరంగా చెప్పుకునే డిపెన్నింగ్ అండ్ డిపెన్నింగ్ మాత్రం చెన్నైలో ఇతరుల పేటెంట్ల దరఖాస్తులు రాసిపెడుతోంది.