గాజు పగలదు.. లోపల మాత్రం కాలువలు! ఫెమ్టోసెకండ్ లేజర్ ఏం చేస్తుందంటే..

గాజు పలకకు ఒక చిన్న రంధ్రం వేయాలన్నా భయమే. కాస్త ఒత్తిడి ఎక్కువైతే చాలు, పగులు వచ్చేస్తుంది. అలాంటిది పైభాగం చెక్కుచెదరకుండా, గాజు లోపల వెంట్రుక కంటే సన్నటి కాలువలు తవ్వొచ్చా? తవ్వొచ్చు. ఆ పని చేసేదే ఫెమ్టోసెకండ్ లేజర్.

ఈ కాలువలు ఎందుకు?

ల్యాబ్‌లో రక్త పరీక్షకు సిరంజితో కొన్ని మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. అదే ఒక్క చుక్కలోనే కణాలను వేరు చేసి, రసాయనం కలిపి, ఫలితం చూడగలిగితే? ముసలివాళ్లకు, పసిపిల్లలకు ఎంతో మేలు. దీని కోసం తయారయ్యేవే మైక్రోఫ్లూయిడిక్ చిప్‌లు. వీటిలో ద్రవం పారే దారుల వెడల్పు సాధారణంగా పదుల నుంచి వందల మైక్రాన్లు. మన వెంట్రుక మందం 70 నుంచి 100 మైక్రాన్ల దాకా ఉంటుంది.

ఇలాంటి చిప్‌లు చాలావరకు ప్లాస్టిక్‌తోనో, సిలికోన్ రబ్బరుతోనో చేస్తారు. చౌక కాబట్టి. కానీ కొన్ని ద్రావకాలు తగిలితే సిలికోన్ ఉబ్బుతుంది, కొన్ని మందులను పీల్చేసుకుంటుంది కూడా. అప్పుడు ఫలితాన్ని నమ్మేదెలా? గాజుతో ఆ తంటా లేదు. అయితే పాత పద్ధతిలో ఒక పలకపై గాడి చెక్కి, ఇంకో పలకను మూతగా అతికించాలి. అతుకు దగ్గర లీకేజీ భయం తప్పదు.

కాంతి ఎలా తవ్వుతుంది?

3 కోట్ల 17 లక్షల ఏళ్లలో ఒక్క సెకను ఎంతో, సెకనులో ఒక ఫెమ్టోసెకండ్ అంత. ఇంత తక్కువ సమయంలో అణువుల కదలికను గమనించినందుకే ఈజిప్టులో పుట్టిన అహ్మద్ జెవైల్‌కు 1999లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఇలాంటి పొట్టి పల్స్‌లను శక్తిమంతంగా మార్చే పద్ధతిని 1985లో జెరార్డ్ మూరూ, డోనా స్ట్రిక్‌లాండ్ చూపించారు. వారికి 2018లో ఫిజిక్స్ నోబెల్ దక్కింది.

మామూలుగా కాంతి గాజులోంచి దూరి వెళ్లిపోతుంది. లేజర్‌ను లెన్స్‌తో గాజు లోపల ఒక బిందువు దగ్గర కేంద్రీకరిస్తే, అక్కడ మాత్రమే తీవ్రత విపరీతంగా పెరిగి గాజు కాంతిని పీల్చుకుంటుంది. వేడి చుట్టూ పాకేలోపే పల్స్ అయిపోతుంది. అందుకే గాజు పగలదు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఎక్కువగా వాడే పద్ధతిలో లేజర్ నేరుగా తవ్వదు, దారి గీస్తుంది అంతే. తర్వాత ఆ గాజును హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌లోనో, పొటాషియం హైడ్రాక్సైడ్‌లోనో ముంచుతారు. లేజర్ తాకిన భాగం మిగతా గాజు కంటే ఎన్నో రెట్లు వేగంగా కరిగిపోతుంది. మిగిలేది అతుకు లేని సొరంగం. సిలికా గాజులో ఇది సాధ్యమేనని జపాన్‌లోని పరిశోధకులు 2001లో చూపించారు. తర్వాత ఇటలీలోని మిలాన్ పాలిటెక్నిక్ బృందం కాలువతో పాటు కాంతి ప్రయాణించే దారులను కూడా అదే గాజులో గీసింది. అందులో ఒక్కో ఎర్ర రక్తకణాన్ని కాంతితోనే పట్టుకుని, సాగదీసి చూసింది. కణం ఎంత మెత్తగా సాగుతుందనేది దాని ఆరోగ్యం గురించి చెబుతుంది.

మరి టెస్టుల ఖర్చు తగ్గుతుందా?

ఇప్పట్లో ఆశ పెట్టుకోవద్దు. లేజర్ యంత్రం ఖరీదైనది. పైగా ఒక్కో చిప్‌ను గీత గీతగా రాయాలి. ప్లాస్టిక్ చిప్‌లైతే ఒక్క అచ్చుతో వేలల్లో వస్తాయి. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ చర్మం మీద పడితే ప్రాణాలకే ముప్పు, జాగ్రత్తల ఖర్చూ ఎక్కువే. అందుకే ఈ గాజు చిప్‌లకు ప్రస్తుతం గిరాకీ ఎక్కువగా పరిశోధనలోనూ, కచ్చితత్వం తప్పనిసరైన చోట్లే.

అలాగని ఈ లేజర్ మనకు దూరపుది కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫెమ్టోసెకండ్ లేజర్లపై పరిశోధన జరుగుతోంది. కళ్లజోడు వదిలించుకోవడానికి చేయించుకునే లాసిక్‌లో, కంటి పైపొరను సన్నగా కోయడానికి చాలాచోట్ల వాడేది ఈ రకం లేజర్‌నే. కంటిని గాయపరచకుండా కోసే ఆ ఒడుపే గాజులోనూ పనికొస్తోంది. ఇక తేలాల్సింది ధర సంగతే.