అన్హుయ్‌లో వాన్ లీ

చైనా దేశమున ప్రతి రాష్ట్రమునకును గవర్నరొకడుండును గాని, ఆ రాష్ట్రమును నిజముగా ఏలువాడాతడు కాడు; కమ్యూనిస్టు పార్టీ రాష్ట్ర సమితికి కార్యదర్శియై బీజింగు నుండి నియమింపబడి వచ్చువాడే అచట సర్వాధికారి. ప్రజలాతనిని ఎన్నుకొనరు, తొలగింపజాలరు. పైవారి అనుగ్రహముచే వచ్చి పైవారి ఆగ్రహముచే పోవును. అట్టి పదవియందున్నవాడు పైనుండి దిగిన ఆజ్ఞను క్రిందికి చేరవేయుటయే తన విధి యని భావించుట సహజము. 1977 జూన్ మాసమున అన్హుయ్ రాష్ట్రమునకు ప్రథమ కార్యదర్శియై వచ్చిన వాన్ లీ మాత్రము పొలములో కంటికి కనబడుచున్న సత్యమునకు ఆజ్ఞాపత్రముకంటె ఎక్కువ విలువ నిచ్చెను. చైనా రైతు కడుపునిండ తినగలుగుటకు ఆ నిర్ణయమే తొలి మెట్టయ్యెనని నా విశ్వాసము.

ఆయన 1916 డిసెంబరులో షాన్‌డోంగ్ రాష్ట్రమునందలి డోంగ్‌పింగ్ జిల్లాలో జన్మించి, కన్‌ఫ్యూషియస్ జన్మస్థానమైన చూఫూ పట్టణమున ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1936లో పార్టీలో చేరెను. విప్లవానంతరము బీజింగు ఉపమేయరుగా పనిచేయుచు, పది నెలలలోనే 1959 నాటికి ప్రజా మహాసభా భవన నిర్మాణమును పూర్తి చేయించెను. సాంస్కృతిక విప్లవకాలమున పదవీచ్యుతుడై అవమానములపాలై, తిరిగి 1975లో నాటి ఉపప్రధాని డెంగ్ షియావోపింగ్ పిలుపున రైల్వే మంత్రి యయ్యెను. ముఠాతగాదాలవలన రైళ్లు స్తంభించిపోయిన షూజౌ కూడలికి తానే పోయి కొలది వారములలో బండ్లను నడిపించుటతో ఆయన కార్యదక్షత దేశమునకు తెలిసెను. మరుసటి యేట డెంగ్‌తోపాటు ఆయనయు పతనమయ్యెను. మరల 1977లో లేచి అన్హుయ్ చేరెను.

ఆయన చేరిన రాష్ట్రమెట్టిది? 1959 నుండి 1961 వరకు చైనాను దహించిన మహాక్షామమున అత్యధికముగా జనమును కోల్పోయిన రాష్ట్రములలో అన్హుయ్ ఒకటి. అందలి ఫెంగ్‌యాంగ్ జిల్లా మింగ్ వంశ స్థాపకుడైన చక్రవర్తికి జన్మభూమియై యుండియు, డోలు వాయించుచు పాడి భిక్షమెత్తు ప్రజలకు శతాబ్దములుగా పేరుపొందెను. 1961లో అప్పటి కార్యదర్శి జెంగ్ షీషెంగ్ రైతులకు పొలములను బాధ్యతగా పంచియిచ్చి పంట పెంచజూచెను. అది పెట్టుబడిదారీ మార్గమని 1962లో నిషేధింపబడుటయు, ఆయన పదవి పోవుటయు వెనువెంటనే జరిగెను. ఈ కథ వాన్ లీకి తెలియనిది కాదు. రెండుసార్లు పడిలేచిన మనుష్యుడు మూడవసారి పడుటకు జంకక జెంగ్ దారినే త్రొక్కుటలోని సాహసమును మనము ఈ నేపథ్యముననే గ్రహింపవలెను.

ఆయన తొలుత చేసిన పని రాష్ట్రమంతయు తిరిగి చూచుట. విప్లవసైన్యమునకు ఒకనాడు ఆశ్రయమిచ్చిన దాబియె కొండలలో, జిన్‌జాయ్ జిల్లాలో, ఒక గుడిసెలో పొయ్యికడ చలి కాచుకొనుచున్న ముసలివాడును ఇద్దరు ఆడుపిల్లలును, అతిథి వచ్చినను లేవకుండిరట. కారణమడుగగా, వారికి తొడుగుకొనుటకు లాగులు లేవని తెలిసెను. దాదాపు ముప్పదియేండ్ల ప్రజాప్రభుత్వము తరువాత, ఆ విప్లవమునకు బిడ్డలనిచ్చిన కొండలలోనే, ఈ దృశ్యము! ఆనాడు వాన్ లీ కంటతడి పెట్టెనని చెప్పుదురు.

ఈ దారిద్ర్యమునకు హేతువు నేలలో లేదు, ఏర్పాటులో ఉండెను. పల్లెలన్నియు కమ్యూనులుగా ఏర్పడి, ఇరువది ముప్పది కుటుంబముల జట్టొకటి కలిసి సేద్యము చేయుచుండెను. గంట మ్రోగగా పొలమునకు పోవుట, సాయంకాలమున పని పాయింట్లు వ్రాయించుకొనుట, పంట వచ్చిన పిదప ప్రభుత్వ కోటా పోగా మిగిలినదానిని ఆ పాయింట్ల లెక్కన పంచుకొనుట. ఒళ్లు వంచి పనిచేసినవానికిని, నాగలి పట్టుకొని నిలుచున్నవానికిని పాయింట్లు ఒక్కటే యైనపుడు, కష్టించుటకు కారణమేమి? ఏమి విత్తవలెనో కూడ పల్లెకు రాని అధికారి నిర్ణయించుచుండెను.

1977 నవంబరులో అన్హుయ్ సమితి ఆరు సూత్రముల పత్రమొకటి వెలువరించి, జట్లకు స్వయంనిర్ణయాధికారమును, రైతునకు పెరటిసేద్యమును, శ్రమను బట్టి కూలిని గుర్తించెను. దేశమంతయు దాజాయ్ అను ఆదర్శగ్రామమును అనుకరింపవలెనని ఘోషించుచున్న కాలమది. ఆ గ్రామనాయకుడు చెన్ యోంగ్‌గుయ్ సాక్షాత్తు ఉపప్రధాని! అయినను వాన్ లీ ఆ అనుకరణకు ఒడంబడలేదు.

1978లో దారుణమైన అనావృష్టి వచ్చెను. సమష్టిగా విత్తలేని భూములు బీడుపడుట చూచి, వానిని రైతులకు తాత్కాలికముగా ఎరవిచ్చుటకు రాష్ట్ర సమితి అనుమతించెను. ఆ చిన్న ద్వారమునుండి పెద్ద ప్రవాహము దూకెను. ఫెయ్‌షీ జిల్లాలోని షాన్‌నాన్ ప్రాంతమున పొలములను కుటుంబములకే పంచియిచ్చిరి. శీతకాలమున ఫెంగ్‌యాంగ్‌లోని షియావోగాంగ్ గ్రామమున 18 కుటుంబములవారు రహస్యముగా కూడి ఒప్పందము వ్రాసికొని వ్రేలిముద్రలు వేసిరి: ఎవరి పొలము వారిదే, ప్రభుత్వపు వంతు తప్పక చెల్లింతుము, ఇందుకై నాయకులు చెరసాల పాలైనచో వారి బిడ్డలను పదునెనిమిదేండ్లవరకు మేమే పెంచుదుము.

ఇచట పలువురు పొరబడు విషయమొకటి కలదు. 1978 డిసెంబరున జరిగిన పార్టీ కేంద్రసమితి మూడవ ప్లీనమే రైతులకు పొలములిచ్చెనని అనుకొందురు. కాని ఆ సమావేశమున వ్యవసాయముపై ఆమోదింపబడిన ముసాయిదా, కుటుంబములకు పొలములొప్పగించుటను స్పష్టముగా నిషేధించెను. 1979 ఫిబ్రవరిలో వాన్ లీ రాష్ట్ర సమితిని సమావేశపరచి షాన్‌నాన్‌లో ఆ నిషిద్ధకార్యమునే ప్రయోగముగా సాగనిచ్చి, తప్పైనచో బాధ్యత రాష్ట్ర సమితిదని తేల్చి చెప్పెను. గ్రామాధికారి మెడకు చుట్టుకొనవలసిన ఉరిని తన మెడకు తగిలించుకొనుట యన నిదియే.

మార్చిలో పార్టీ దినపత్రిక మొదటి పుటలో ఈ పద్ధతులను ఖండించు పాఠకలేఖ యొకటి వెలువడగా గ్రామాధికారులు బెదరిరి. వాన్ లీ వెంటనే జిల్లాలు తిరిగి, పత్రిక మీకు అన్నము పెట్టదు, శరత్కాలమున ఆకలిగొన్న రైతు మనవద్దకే వచ్చును అని ధైర్యము చెప్పెను. ఆ యేడు షియావోగాంగ్‌లో పండిన ధాన్యము సుమారు 66 టన్నులు. 1966 నుండి 1970 వరకు అయిదేండ్లలో అచట పండినదంత! 1980 జనవరిలో ఆయన ఆ గ్రామమునకు పోయి రైతుల యిండ్లలో నిండిన గాదెలను కన్నులార చూచెను. ఆకలి తీరవలెనన్న వాన్ లీని వెదకుమను నానుడి రైతులనోట పుట్టెను.

కొలది కాలమునకే ఆయన ఉపప్రధానియై బీజింగు చేరి వ్యవసాయశాఖను చేపట్టగా, మే మాసమున, అప్పటికి మరల అధికారమునకు వచ్చియున్న డెంగ్ ఫెయ్‌షీ, ఫెంగ్‌యాంగ్ ప్రయోగములను మెచ్చుకొనెను. 1982లో కేంద్రసమితి ఆ యేటి తొలి పత్రమున ఈ ఒప్పంద సేద్యమును అంగీకరించెను. 1985 నాటికి కమ్యూన్ల యుగము ముగిసెను. 1978లో 30.5 కోట్ల టన్నులుగా నున్న దేశపు ధాన్యోత్పత్తి 1984లో 40.7 కోట్ల టన్నులయ్యెను. ప్రభుత్వము కొనుగోలు ధరలు పెంచుటయు, ఎరువుల వాడుక హెచ్చుటయు ఇందుకు తోడ్పడిన మాట నిజమే. కాని తన శ్రమఫలము తనదేనను నమ్మకము లేనిచో రైతునకు ఆ ధర యెందుకు, ఆ యెరువెందుకు? భూమి మాత్రము గ్రామసమష్టి సొత్తుగనే నిలిచెను. రైతునకు లభించినది గడువుగల సాగుహక్కు, అది మొదట 15 ఏండ్లు, పిదప మరి 30 ఏండ్లు.

వాన్ లీ 1988లో జాతీయ ప్రజాసభకు అధ్యక్షుడయ్యెను. మరుసటి వసంతమున బీజింగులో విద్యార్థులు ఉద్యమించినపుడు ఆయన విదేశయాత్రలో ఉండెను. ఆయన తిరిగివచ్చి సభను సమావేశపరచి, ప్రభుత్వము అచట విధించిన సైనికశాసనమును రద్దు చేయించునని ఎందరో ఆశపెట్టుకొనిరి. విమానము షాంఘైలో దిగెను; మే 27న ఆయన ఆ శాసనమును సమర్థించుచు ప్రకటన చేసెను. షాన్‌నాన్ రైతులకొఱకు తన తల నొడ్డిన మనుష్యునినుండి ఆ ప్రకటన వచ్చుట నన్ను నేటికిని బాధించును. 1993లో పదవి విడిచి, రాజకీయములకు దూరముగా, టెన్నిసు, బ్రిడ్జి ఆటలతో కాలము గడపి, 2015 జులై 15న బీజింగులో 98 ఏండ్ల వయసున కన్నుమూసెను.